విదేశీ సదస్సుకు పేపర్ ఓకే అయింది, టికెట్ డబ్బులు ముందు ఎవరు పెట్టాలె?

ఎర్రమిర్చి
పీహెచ్‌డీ నాలుగో ఏడు నడుస్తున్నది. నా పని మిర్చి మీద పడే నల్ల తామర పురుగు మీద. 2021ల మన వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్ తోటల్ల పూతంతా రాలగొట్టిన పురుగు అదే. ఇటలీల జరిగే కీటక శాస్త్ర సదస్సుకు పేపర్ పంపితే ఓరల్‌కు (వేదిక మీద మాట్లాడేటందుకు) తీసుకున్నరు. రిజిస్ట్రేషన్ ఫీజు తగ్గించిన్రు గానీ టికెట్, వీసా, అక్కడ ఉండుడు అంతా నేనే చూసుకోవాలె. మా విశ్వవిద్యాలయం ఆఫీసుల అడిగితే (పేరు వద్దు, మన ఉత్తర తెలంగాణదే) “పోయి రా, బిల్లులు పెట్టు, ఫండ్ ఉంటే చూస్తం” అన్నరు. అన్నీ కలిపితే లక్షన్నర దాక అయితది. మా బాపు పరకాల దిక్కు కౌలుకు చేస్తడు. అమ్మ పుస్తెలతాడు కుదువ పెడదామంటున్నది. నాకు మనసొప్పుతలేదు. ఇంత పెట్టి పోతే నిజంగ ఏమన్న ఒరుగుతదా? పోయొచ్చినోళ్లు చెప్పున్రి. డబ్బులు ముందే ఇచ్చే దారి ఏదన్న ఉన్నదా?

కాజీపేట_జంక్షన్
పుస్తెలతాడు ముట్టొద్దు చెల్లె. మిగిలినయన్నీ తర్వాత మాట్లాడుదం.

గోదావరిఖని_బూడిద
నేను వేరే మాట చెప్త, ఏమనుకోవద్దు. నాది ఫ్లైయాష్ (బొగ్గు కాలితే వచ్చే సన్న బూడిద) మీద పని. ఆ లక్షన్నర మా ల్యాబుకు ఇస్తే ఏడాది సరిపడ కెమికల్స్ వస్తయి. పాడైన పంపు ఒకటి బాగైతది. సదస్సుల పదిహేను నిమిషాలు మాట్లాడుడు, గ్రూపు ఫోటో దిగుడు, అంతే కదా? కరోనా అప్పుడు అన్నీ ఆన్‌లైన్‌ల అయినయి, లోకం ఆగలేదు. పేపర్ జర్నల్‌ల పడితే చాలు. విమానం ఎక్కితేనే సైన్స్ అయితదా?

నిర్మల్_బొమ్మ
బూడిదన్న వచ్చిండు, ఇగ నిప్పు రాజుకున్నట్టే.

మంచిర్యాల_టు_మ్యూనిక్
బూడిద గారూ, ఆ “పదిహేను నిమిషాలు” దగ్గరే నాకు తేడా వస్తుంది. నాకు ఓరల్ కూడా దొరకలేదు, పోస్టరే (చేసిన పనిని పెద్ద కాగితం మీద వేసి దాని పక్కన నిలబడటం). టికెట్ డబ్బులు ఆ సదస్సు పెట్టిన సంఘమే ఇచ్చింది, విద్యార్థుల ట్రావెల్ గ్రాంటు కింద. నా పోస్టర్ హాలు చివర్లో, కాఫీ బల్ల వెనకాల. మొదటి గంట ఎవరూ రాలేదు. తర్వాత ఒక పెద్దాయన కప్పు పట్టుకుని ఆగి, నా మూడో గ్రాఫ్ మీద వేలు పెట్టి, “ఈ రెండు బిందువుల మధ్య ఉష్ణోగ్రత నిలకడగా ఉందా?” అని అడిగారు. ఉంది, రికార్డు ఉంది అన్నాను. ఫోన్లో చూపించమన్నారు. చూపించాను. అక్కడే నిలబడి ముప్పావుగంట మాట్లాడారు. మూడేళ్లు నేను ఒక్కణ్ణే కొట్టుకున్న చిక్కు మీద ఆయన ల్యాబు వాళ్లు కూడా పని చేస్తున్నారని అప్పుడే తెలిసింది. ఆ పని ఇంకా అచ్చు కాలేదు కాబట్టి ఏ వెతుకులాటలోనూ నాకు కనబడే అవకాశం లేదు. ఇప్పుడు నేను పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేస్తున్నది ఆయన దగ్గరే. ఆయనకు నా మెయిల్ ఒకటి అంతకు ముందే వెళ్లింది, జవాబు రాలేదు. రోజుకు వందల మెయిళ్లు వచ్చే మనిషికి మంచిర్యాల కుర్రాడి మెయిల్ ఎందుకు గుర్తుంటుంది? పోస్టర్ ముందు నిలబడ్డ మనిషి గుర్తుంటాడు.

గోదావరిఖని_బూడిద
అది నీ అదృష్టం అన్నా. కాఫీ బల్ల కాడికి ఎవరూ రాక తిరిగొచ్చినోళ్లు ఎందరో. వాళ్లు ఇక్కడ పోస్టులు పెట్టరు.

అంకెల_పిచ్చి
బూడిద గారి అభ్యంతరం సరైనదే. గెలిచినవాళ్ల కథలు మాత్రమే వింటే మోసపోతాం. అందుకే కథలు కాకుండా పోలిక కావాలి. ఒకటి ఉంది. 2012 ఆగస్టు చివర్లో అమెరికా రాజనీతి శాస్త్ర సంఘం వార్షిక సదస్సు న్యూ ఓర్లియన్స్‌లో జరగాలి. ఐజాక్ తుపాను వచ్చి ఆఖరి నిమిషంలో రద్దయింది. పేపర్లు ఎంపికయ్యాయి, కార్యక్రమం అచ్చయింది, కానీ ఎవరూ చెప్పలేదు, ఎవరూ వినలేదు. ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని పట్టుకుని, ఆ పేపర్లను అంతకు ముందు ఏళ్ల పేపర్లతోనూ, అదే తరహా ఇంకో సదస్సు పేపర్లతోనూ పోల్చారు. మొత్తం పదిహేను వేలకు పైగా పేపర్లు. సదస్సులో చెప్పిన పేపరుకు తర్వాత 15 నెలల్లో సగటున 17 నుంచి 26 డౌన్‌లోడ్లు ఎక్కువ వచ్చాయి. మనకు కావాల్సింది దాని తర్వాతి వాక్యం: ఈ లాభం పేరున్న విశ్వవిద్యాలయాల వాళ్ల కంటే చిన్న చోట్ల నుంచి వచ్చినవాళ్లకు, కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకు ఎక్కువ. హార్వర్డ్ ప్రొఫెసర్ పేపరు సదస్సు లేకపోయినా చదువుతారు. ఎర్రమిర్చి పేపరు అలా కాదు. తనే వెళ్లి చెప్పాలి.

గోదావరిఖని_బూడిద
ఇది నాకు తెల్వదు. మంచిగ చెప్పినవ్. కానీ అది రాజనీతి, అది కూడ అమెరికా. మా దిక్కు ల్యాబు సైన్సుల ఎట్లుంటదో. ఇంకోటి, డౌన్‌లోడ్ చేసినోడు చదివిండని ఏం లెక్క?

అంకెల_పిచ్చి
చదివారని కాదు, కంటపడింది అని. మొదటి మెట్టు అదే కదా. ల్యాబు సైన్సులకు అంకెలు వేరుగా ఉండొచ్చు, ఒప్పుకుంటాను. దిశ మారుతుందని మాత్రం నాకు అనిపించదు.

ఫైల్_కదిలింది
నేను అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తాను (ఎక్కడో చెప్పను). ఎర్రమిర్చి అమ్మా, నీ రెండో ప్రశ్నకు నేను చెప్తాను, జాగ్రత్తగా చదువు.

ఎస్‌ఈఆర్‌బీ (సైన్స్ పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర బోర్డు) కింద ఐటీఎస్ అనే విదేశీ ప్రయాణ పథకం నడిచేది. సైన్స్ వాళ్లలో చాలామంది పోయింది దాని మీదే. 2023 చట్టంతో ఏఎన్‌ఆర్‌ఎఫ్ (జాతీయ పరిశోధన ఫౌండేషన్) వచ్చింది, ఎస్‌ఈఆర్‌బీ అందులో కలిసింది. కాబట్టి ఇప్పటి నియమాలు, గడువు ఆ పోర్టల్‌లోనే చూడు, సీనియర్ల దగ్గరున్న పాత పీడీఎఫ్‌లు నమ్మకు. కేంద్రంలోని సీఎస్‌ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి), డీబీటీ (బయోటెక్నాలజీ శాఖ), ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) కూడా ప్రయాణ గ్రాంట్లు ఇస్తూ వచ్చాయి. నీది మిర్చి పురుగు కాబట్టి డీబీటీ తప్పకుండా చూడు. సోషల్ సైన్స్ వాళ్లకు వాళ్ల పరిశోధన మండలి ఐసీఎస్‌ఎస్‌ఆర్. అన్నిటికీ సదస్సుకు చాలా ముందే దరఖాస్తు వెయ్యాలి. అంగీకార పత్రం చేతికొచ్చిన రోజే ఫైలు మొదలుపెట్టాలి.

ఇక టికెట్. కేంద్ర ప్రభుత్వ డబ్బుతో పోతే నీకు నచ్చిన యాప్‌లో చౌకగా దొరికిందని కొనకు. ఎయిరిండియా ప్రైవేటు అయ్యాక 2022లో నియమం మారింది. బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడు టికెట్ ఏజెన్సీల్లో ఒకదాని నుంచే కొనాలి. ఇది తెలియక కొన్నవాళ్ల బిల్లులు వెనక్కి వస్తాయి. బోర్డింగ్ పాసులు పోగొట్టుకోవద్దు. ఎక్కగానే ఫోటో తీసి పెట్టుకో, కాగితం కూడా దాచు.

కాజీపేట_జంక్షన్
ఇది పిన్ చెయ్యాలె. అడ్మిన్ ఎక్కడున్నరు?

నిర్మల్_బొమ్మ
మన రాష్ట్రం ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు ఇస్తది కదా? దాంట్ల పోవచ్చా?

ఫైల్_కదిలింది
అది విదేశంలో చదువుకు, అడ్మిషన్ తెచ్చుకున్నవాళ్లకు. సదస్సుకు పనికిరాదు.

ధర్మపురి_అక్క
అందరూ పథకాల పేర్లు చెప్తున్నరు, మంచిదే. నేను డబ్బు వచ్చే తీరు గురించి చెప్త, అసలు నొప్పి అక్కడుంది కాబట్టి.

నాది ఆంత్రోపాలజీ, కోయ ఊర్లల్ల పని. యూజీసీ జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షతోని వచ్చే ఫెలోషిప్) ఉన్నోళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. వినడానికి మంచిగుంటది. కంటింజెన్సీ (పై ఖర్చులకు ఇచ్చే పైసలు) మా హ్యుమానిటీస్‌కు మొదటి రెండేళ్లు ఏడాదికి 10 వేలు, తర్వాత 20,500. సైన్స్‌కు 12 వేలు, తర్వాత 25 వేలు. దాంట్లనే పుస్తకాలు, జిరాక్సులు, ఫీల్డుకు పోయే ఖర్చు. ఇగ జేఆర్‌ఎఫ్ రానోళ్ల సంగతి? సెంట్రల్ యూనివర్సిటీలల్ల నాన్‌నెట్ (నెట్ ఫెలోషిప్ లేనోళ్లకు ఇచ్చేది) కింద నెలకు 8 వేలన్న ఉంటయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల స్కాలర్‌కు అది కూడ లేదు. మన దగ్గర ఎక్కువ మంది గట్లనే ఉన్నరు. డిగ్రీ కాలేజీల పార్ట్‌టైం చెప్పుకుంట థీసిస్ రాస్తున్నరు.

గిట్లాంటి మనిషికి “నువ్వు ముందు పెట్టు, మేం తర్వాత ఇస్తం” అంటే అర్థమేంది? ఇంట్ల లక్ష రూపాయలు పక్కకు పెట్టుకున్నోళ్లకే ఈ గ్రాంటు అని. నాకు గ్రాంటు మంజూరైంది. లెటర్ చేతిల ఉంది. కానీ టికెట్ కొనేందుకు మా చిన్నాయిన చిట్టీ పాడి ఇచ్చిండు. నేను తిరిగొచ్చి బిల్లులు పెట్టినంక కూడ నెలల తరబడి పైసలు రాలే. హోటల్ బిల్లు మీద అక్కడోళ్లు నా ఇంటిపేరు అక్షరం తప్పు రాసిన్రని ఫైలు వెనక్కొచ్చింది. చిన్నాయినకు చిట్టీ తరుగు ఎంత పోయిందో ఆయన నాకు ఇప్పటికీ చెప్పలే.

అందుకే అంటున్న, గ్రాంటు ఎంత అన్నది కాదు, ఎప్పుడు చేతికొస్తది అన్నదే లెక్క. సగం మొత్తమైనా సరే, ముందే ఇస్తే పేదింటి పిల్ల పోగలుగుతది. మొత్తం ఇచ్చినా తర్వాత ఇస్తే పోలేదు.

ఎర్రమిర్చి
అక్కా, నా కడుపుల ఉన్న మాట చెప్పినవ్.

ఓరుగల్లు_కోడ్
నేను వరంగల్ నిట్‌లో పీహెచ్‌డీ. నాకు పీఎంఆర్‌ఎఫ్ (ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్) ఉంది, ఫెలోషిప్ కాకుండా ఏడాదికి 2 లక్షల రీసెర్చ్ గ్రాంటు, అందులోంచి సదస్సులకు పెట్టుకోవచ్చు. ధర్మపురి అక్క రాసింది చదివాక చెప్తున్నా, నేను సదస్సుకు అప్లై చేసేటప్పుడు డబ్బు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. అదే ఊళ్లో, కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న స్కాలర్ మొదట ఆలోచించేది అదే. ఒకసారి బయటికి వెళ్తే నలుగురు తెలుస్తారు, వాళ్ల వల్ల ఇంకో సదస్సు, అక్కణ్ణుంచి ఇంటర్న్‌షిప్. మొదటి అడుగుకు డబ్బు లేనివాళ్లు రెండో అడుగు దాకా రారు.

మా కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఒక మాట: పెద్ద సదస్సుల్లో విద్యార్థి వాలంటీరుగా చేరితే చాలాచోట్ల ఫీజు మాఫీ చేస్తారు. అడగడానికి మొహమాటపడొద్దు.

గోదావరిఖని_బూడిద
అక్క రాసింది రెండుసార్లు చదివిన. ల్యాబుకా, ప్రయాణానికా అన్నప్పుడు నేను ఇప్పటికీ ల్యాబే అంట. కానీ ప్రయాణానికని ఒకసారి మంజూరు చేసినంక, ఆ పైసలు ముందే ఇవ్వాలె అన్న కాడ నాకు పేచీ లేదు.

లెక్కల_సార్_కరీంనగర్
పిల్లలూ, నేను రిటైరైన మ్యాథ్స్ లెక్చరర్ని. విదేశం ఒక్కటే సదస్సు అనుకోవద్దు. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ హైదరాబాద్‌లో జరిగింది, మన దేశంలో మొదటిసారి. నేను కరీంనగర్ నుంచి బస్సులో వెళ్లాను. గణితంలో పెద్ద బహుమతి ఫీల్డ్స్ మెడల్ తీసుకున్న విలానీని, న్గో బావో చౌని నా కళ్లతో చూశాను. విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి నలభై మంది దాకా ఎదురాళ్లతో చదరంగం ఆడాడు. అదంతా ఒక ఎత్తు. నాకు బాగా గుర్తుండేది ఏమిటంటే, టీ విరామంలో నాలాంటి జిల్లా కాలేజీ లెక్చరర్లు ఎందరో ఒకరికొకరు పరిచయమయ్యారు. అప్పటిదాకా పక్క జిల్లాలో ఎవరు ఏం చేస్తున్నారో మాకు తెలియదు. మేం తర్వాత చాలా ఏళ్లు ఉత్తరాలతో, ఫోన్లతో లెక్కలు పంచుకున్నాం.

మ్యాథ్స్, ఫిజిక్స్ పిల్లలు ఇటలీలోని ట్రియెస్టేలో ఉన్న ఐసీటీపీ (అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం) గురించి తెలుసుకోండి. 1964లో అబ్దుస్ సలామ్ పెట్టాడు. మనలాంటి దేశాల వాళ్లు తమ ఊళ్లో ఒంటరిగా మిగిలిపోకూడదన్నదే ఆయన తపన. ఎంపికైనవాళ్లలో చాలామందికి ప్రయాణం, వసతి వాళ్లే చూస్తారు.

దేశంలోపల సదస్సులకు కూడా డబ్బు కావాలి. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ పోయి రావడం, నాలుగు రోజులు ఉండటం కూడా ఫెలోషిప్ లేని పిల్లలకు భారమే. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కాజీపేట_జంక్షన్
సార్, మా ఊరి పేరు తీసిన్రు, స్టేషన్‌కొచ్చి ఛాయ్ తాపిస్త.

పేపర్_పులి
నాకో మెయిల్ వచ్చింది. బ్యాంకాక్‌ల సదస్సు, “మీలాంటి ప్రముఖ శాస్త్రవేత్తను ఆహ్వానిస్తున్నాం” అని. 500 డాలర్లు కడితే సర్టిఫికెట్, ప్రొసీడింగ్స్‌ల (సదస్సు పేపర్ల సంకలనం) అచ్చు. నేను ఎంబీఏ స్కాలర్ని, సదస్సేమో మెరైన్ బయాలజీది. పోవచ్చా?

మంచిర్యాల_టు_మ్యూనిక్
వద్దు. రూపాయి కూడా కట్టొద్దు.

ఫైల్_కదిలింది
వీటికి డిమాండ్ ఎందుకొచ్చిందో కూడా చూడాలి. యూజీసీ 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు రెండు సదస్సుల్లో పేపర్ చెప్పాలి అని ఉండేది. 2022 నిబంధనల్లో అది తీసేశారు. అయినా లెక్చరర్ల ప్రమోషన్‌లో 2018 లెక్క ప్రకారం విదేశంలో చెప్తే 7 పాయింట్లు, దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు 5, జాతీయ సదస్సుకు 3. పాయింట్లు ఉన్నచోట దుకాణం పెట్టేవాళ్లు ఉంటారు. బయట ఎన్నో ఏళ్లుగా ఉన్న శాస్త్ర సంఘం పెట్టినదా, గతేడాది కార్యక్రమం దొరుకుతుందా, నీ గైడ్‌కు తెలిసిన పేర్లు కమిటీలో ఉన్నాయా, చూసుకో. కమిటీలో పేరున్న ఒకరికి నేరుగా మెయిల్ చేసి అడుగు. దొంగ సదస్సుల్లో వాళ్లకు తెలియకుండానే పేర్లు వేస్తారు.

ధర్మపురి_అక్క
అసలు గ్రాంట్లు సరిగ్గ ఉంటే ఈ దుకాణాలు సగం మూతపడ్తయి. నిజమైన సదస్సుకు పోలేని పిల్లలే వీళ్ల చేతుల పడుతున్నరు. ఇంకోటి, ఆడపిల్లల సంగతి. చంటిపిల్లతో ఉన్న స్కాలర్‌కు గ్రాంటు ఇచ్చినా వెంట వచ్చే తల్లికో అత్తకో టికెట్ ఎవరిస్తరు? బయట కొన్ని సంఘాలు పిల్లల్ని చూసుకునే ఖర్చు కూడ ఇస్తున్నయి. మన ఫారంలల్ల దానికి గడే కనిపించదు.

ఎర్రమిర్చి
నాది నిజమైన సంఘమే, గైడ్ మేడమ్ కూడ అందుల సభ్యురాలు. అందరి మాటలు చదివిన. ఎందుకు పోవాలనుకుంటున్ననో సరిగ్గ చెప్పలేదు, ఇప్పుడు చెప్త.

మనకు ముందు నుంచి ఉన్న తామర పురుగు ఆకుల మీద ఉంటది, ఆకు పైకి ముడుచుకుంటది. రైతుకు దూరం నుంచే తెలుస్తది. ఈ నల్లది పూవు లోపల కూసుంటది. పూవు విప్పి తెల్ల కాగితం మీద దులిపితే జీలకర్ర ముక్కలోలె రాలుతయి. మందు కొట్టినా లోపటికి పోదు. మన దేశంల మొదలు 2015ల బెంగళూరు దిక్కు బొప్పాయి మీద దొరికింది. పుట్టిల్లు ఆగ్నేయాసియా. అక్కడ దీన్ని తినే పురుగులేవో, తోటను ఎట్ల కాపాడుకుంటున్నరో వాళ్లకు తెలిసినంత మనకు తెల్వదు. ఇండోనేషియా ల్యాబుల నుంచి ఇద్దరు ఇదే సెషన్ల మాట్లాడుతున్నరు. నా స్లైడ్ల ఫోటోలు వాళ్లకు చూపియ్యాలె, వాళ్లయి నేను చూడాలె. మెయిల్‌ల అడిగితే పేపర్ పీడీఎఫ్ పంపిన్రు, అంతే. పొలంల చేసే పద్ధతి పేపర్ల రాయరు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాట రకం మిర్చి రైతుకు నేను చెప్పాల్సింది అదే.

గోదావరిఖని_బూడిద
ఇది మొదట్లనే రాస్తే నేను ల్యాబు ముచ్చట తీసేవాణ్నే కాదు. నువ్వు పోవాలె.

మంచిర్యాల_టు_మ్యూనిక్
అయితే ఈ రాత్రే మెయిల్ రాయండి. నిర్వాహక కమిటీకి, కాపీ సెషన్ అధ్యక్షులకు. మూడే విషయాలు: ఓరల్‌కు ఎంపికయ్యాను, నా సంస్థ తిరిగొచ్చాకే ఇస్తానంటోంది, అదీ ఖాయం కాదు, టికెట్ మీరే నేరుగా కొని, వసతి మీ పేరు మీద బుక్ చేస్తే రాగలను. “రీయింబర్స్ చేస్తాం” అని జవాబొస్తే మర్యాదగా మళ్లీ రాయండి, నేరుగా కొనమని. చాలామంది నిర్వాహకులకు ఇది కష్టం కాదు, అడిగేవాళ్లు తక్కువ. తల్లిదండ్రుల బాధలు రాయక్కర్లేదు, ఇండోనేషియా సంగతి రాయండి.

వాళ్లు ఒప్పుకుంటే స్పాన్సర్ లెటర్ అడగండి. షెంగెన్ వీసాకు (ఇటలీతో సహా యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తారు. ఖాతాలో డబ్బు లేకపోయినా ఎవరు భరిస్తున్నారో రాతపూర్వకంగా ఉంటే బలం. వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. 30 వేల యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి, ఆ ప్రీమియం పెద్దదేం కాదు.

ఫైల్_కదిలింది
ఇటుపక్క ఇంకో పని. మీ గైడ్‌కు ప్రాజెక్టు ఉంటే అందులో ట్రావెల్ హెడ్ (ప్రయాణాలకు పెట్టిన పద్దు) ఉందేమో అడుగు. ఉద్యోగులకు టీఏ (ప్రయాణ భత్యం) అడ్వాన్సు ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. స్కాలర్ ఉద్యోగి కాదని నీ పేరు మీద ఇవ్వకపోవచ్చు. మేడమ్ తన పేరు మీద అడ్వాన్సు తీసుకుని, నువ్వు వచ్చాక బిల్లులతో సర్దుబాటు చేస్తే కుదిరే అవకాశం ఉంది. ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తు ఎలా రాయాలో నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు, డ్రాఫ్ట్ చేసి ఇస్తా.

ఓరుగల్లు_కోడ్
ధర్మపురి అక్కా, మనం అందరం కలిసి ఒక వినతి రాద్దామా? మంజూరైన ప్రయాణ గ్రాంటులో కనీసం టికెట్ భాగం ముందే ఇవ్వాలి అని. అన్ని విశ్వవిద్యాలయాల స్కాలర్లం సంతకాలు పెడితే బావుంటుంది. నేను నిట్ వైపు చూస్తా.

ధర్మపురి_అక్క
రాద్దం తమ్మీ. దేశం లోపటి సదస్సులు కూడ చేర్చు, సార్ చెప్పినట్టు. ఫారంల చంటిపిల్లల ఖర్చుకు గడి కూడ.

పేపర్_పులి
బ్యాంకాక్ మెయిల్ డిలీట్ చేసిన. వినతికి నా సంతకం కూడ రాసుకోండి.

ఎర్రమిర్చి
మెయిల్ పంపిన. మేడమ్‌కు ఫోన్ చేస్తే ప్రాజెక్టుల ట్రావెల్ హెడ్ ఉన్నదట, రేపు ఫైల్ పెడదామన్నది. పుస్తెలతాడు ముచ్చట ఇంట్ల బంద్ చేయించిన.

కాజీపేట_జంక్షన్
శభాష్. ఆదివారం హన్మకొండల మా రూముకు రా, ఇంకో నలుగురు స్కాలర్లు వస్తరు. టాక్ మొత్తం టైం పెట్టి చెప్పు, మధ్యల ఆపి ప్రశ్నలు అడుగుతం. బూడిదన్నా, నువ్వు కూడ రా, గట్టి ప్రశ్నలు నీయే.

గోదావరిఖని_బూడిద
ప్యాసింజర్‌కు వస్త. ఎర్రమిర్చీ, ఆ పూవు దులిపిన ఫోటో మొదటి స్లైడ్ల పెట్టు.